అమ్మ ఎవరి వంతు?

మౌలాబీ తన కొడుకులిద్దరినీ చంపేసిందని కరీమున్ చెప్పిందట.

నూతి దగ్గర బిందె చంకనెత్తుకుంటూ చెప్పిందట. రెండో బిందె నిండేలోగా ఇంకాస్త చేర్చిందట. "కొడుకులున్నారని చెబితే సర్కారు పింఛను రాదంట. అందుకని తాలూకా మనిషి ముందు, 'నాకెవ్వరూ లేరు నాయనా, ఇద్దర్నీ మట్టి చేసుకున్నాను' అని ముక్కు చీదిందంట!" ఈ మాటలన్నీ జుబేదా ఒక్క చుక్క ఒలకనీయకుండా ఇంటికి మోసుకొచ్చి మొగుడి ముందు కుమ్మరించింది.

జాన్ బాషా అప్పుడు పెద్దింటివాళ్ళ పరుపుకి దూది ఏకుతున్నాడు. దూదేకే విల్లు మీద దెబ్బ ఆగింది. గాలిలోకి లేచిన దూది మెల్లగా దిగి అతని మీసాల మీదా కనురెప్పల మీదా వాలింది.

"మా అమ్మ అట్లా అనగా కరీమున్ విందా?"

"కరీమున్ వినలా. తలారి చెప్పాడంట."

"తలారి విన్నాడా?"

"నన్నడుగుతావేంది? పోయి తలారినే అడుగు. ఊరంతా నవ్వుకుంటోంది, అది మాత్రం నిజం."

కిందటి వారం మనం ఈ జాన్ బాషాని పంచాయితీ ఆఫీసు అరుగు మీద, చప్పట్ల మధ్య వదిలేసి వచ్చాం. సంపాదించే ఓపిక పోయి, పోషించే బిడ్డలు లేని ముసలివాళ్ళకు సర్కారు నెలనెలా పింఛను ఇస్తుందని రేగడిపాలెంలో టముకు వేసిన రోజది. ఎవరెవరి పేర్లు పంపాలని ప్రెసిడెంటు బాపయ్య సభలో అడిగితే, దూదేకుల పేట నుంచి మొట్టమొదటిసారి మెంబరైన జాన్ బాషా, చాకలింటి మడత నలగని చొక్కాతో లేచి నిలబడ్డాడు. "మా పేటలో అర్జీ పెట్టే ముసలివాళ్ళు ఒక్కరు కూడా లేరండి. మా తల్లుల్ని మేం చూసుకుంటాం. సర్కారుకి అప్పజెప్పే అలవాటు మాకు లేదు" అన్నాడు. అరుగంతా చప్పట్లు కొట్టింది. బాపయ్య స్వయంగా లేచొచ్చి భుజం తట్టాడు. తాతల నాటి నుంచీ ఆ అరుగు కింద నిలబడి మాట్లాడిన వంశం వాళ్ళది. ఆ తట్టిన చోటు ఇంకా వెచ్చగానే ఉంది జాన్ బాషాకి.

అలాంటిది, ఆ పేట నుంచి అర్జీ పెట్టిన ఒకే ఒక్క మనిషి అతని తల్లి.

"అమ్మేది ఇప్పుడు?" అన్నాడు, దూది దులుపుకుంటూ.

"నెలవంక కనపడ్డ మర్నాడే నా చేత్తో మూట కట్టి పంపించాను గదా. మీ తమ్ముడింట్లో ఉంటుంది. నాతో ఏనాడన్నా చెప్పి ఏ పనన్నా చేసిందా మహాతల్లి?"

ఇంకో మాట అనేలోపే తలారి గుమ్మంలో నిలబడ్డాడు. "మెంబరు గారూ, రెవెన్యూ ఇనస్పెక్టరు గారొచ్చారండి. ప్రెసిడెంటు గారి కల్లంలో ఇచారణ. మిమ్మల్నీ, మీ తమ్ముణ్ణీ రమ్మన్నారు."

"కల్లంలో ఏంది? ఆఫీసులో కాదా?"

"కాయలేరే రోజులు గదండీ. ఊళ్ళో మనుషులంతా కల్లాల్లోనే ఉంటే ఆఫీసులో ఎవర్ని ఇచారిస్తారు?"

జాన్ బాషా గబగబా చొక్కా తొడుక్కున్నాడు. సభలో తొడుక్కున్న చొక్కాయే అది. వద్దనుకుంటూనే తొడుక్కున్నాడు, ఇంకోటి లేదు మరి.

బాపయ్య కల్లం ఊరి పడమట ఉంది. నల్లరేగడిని అలికి చదును చేసిన నేల మీద మిరపకాయలు పరుపు పరిచినట్లు ఎండుతున్నాయి. ఘాటు కల్లంలోకి అడుగుపెట్టకముందే ఎదురొస్తుంది. ఆ ఘాటుకి అలవాటుపడ్డ ఆడవాళ్ళు నవ్వుకుంటూ మాట్లాడుకుంటూ ఏరుతున్నారుగానీ, వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్న ఇనస్పెక్టరు మాత్రం జేబురుమాలు ముక్కుకి అదుముకుని తుమ్ము మీద తుమ్ము తుమ్ముతున్నాడు. పక్క కుర్చీలో బాపయ్య. చెట్టు మొదలుకి ఆనుకుని పాదిరీల మిషను బడి మేష్టరు సంజీవరావు. మంచి ఎరుపుకాయని ఒక పక్కకీ, తెల్లబడ్డ తాలుకాయని ఒక పక్కకీ వేసే ఆడవాళ్ళ వరసలో చివరన, మౌలాబీ.

ఆమె పక్కన ఒక మూట ఉంది. చాపలో చుట్టిన దుప్పటి, పైన చిన్న సత్తు గిన్నె. జుబేదా కట్టిన ముడి ఇంకా అట్లాగే ఉంది.

జాన్ బాషా ఆ మూటని చూశాడు. చూసి, మిరపకాయల వైపు చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు. ఎటు చూసినా ఆ మూట కంటి మూలకి తగులుతూనే ఉంది.

తమ్ముడు బుడాన్ అప్పటికే వచ్చి నిలబడ్డాడు. అద్దంకి రోడ్డు మీద పత్తి జిన్నింగు మిల్లులో పని అతనికి. మేస్త్రీని బతిమాలుకుని వచ్చినట్టున్నాడు, కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

"ఈ అర్జీ ఎవరు రాశారు?" అన్నాడు ఇనస్పెక్టరు.

"నేనేనండి" అన్నాడు సంజీవరావు. "మాట ఆమెది, చేతిరాత నాది."

"నాకు తెలుసులే" అన్నాడు బాపయ్య. "మొన్న సభలో ఓడిపోయావుగా, ఇప్పుడు దొడ్డిదారిన వచ్చావు. ఏం సార్, ఈ మేష్టరు ఏమన్నాడో తెలుసా? ముసలివాళ్ళందరికీ ఇవ్వాలంట. ఉన్నవాడికీ లేనివాడికీ, కొడుకులున్నా లేకపోయినా!"

"ఇప్పుడూ అదే అంటానండి."

"నాక్కూడానా?"

"మీక్కూడా. అక్కర్లేకపోతే తీసుకోకండి."

"ఎక్కణ్ణుంచి తెస్తారయ్యా అంత డబ్బు?"

"మీ మిరపకాయల మీద పన్నేసి."

ఆడవాళ్ళు పక్కున నవ్వారు. బాపయ్య కూడా నవ్వాడు. "అదిగో! తిరిగి తిరిగి నా కల్లంలోకొచ్చి నా కాయల మీదే పడ్డాడు. సరే, ఇచ్చారనుకో. ఇంట్లో కూచోబెట్టి డబ్బిస్తే రేపు కాయలేరడానికి ఎవరొస్తారు?"

"డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ రాకపోతే మీ కాయలు ఎండవా ప్రెసిడెంటు గారూ?"

ఈసారి బాపయ్య నవ్వలేదు. కుర్చీలో ముందుకు వంగాడు. "నవ్వులాట కాదు మేష్టరూ. నేను చెప్పేది విను. కొడుకులున్న తల్లికి సర్కారు అన్నం పెట్టడం మొదలుపెడితే, ప్రతి కొడుకూ తల్లిని సర్కారు గడపలో దించి చేతులు దులుపుకుంటాడు. ఇప్పుడు నలుగురూ నవ్వుతారన్న భయం ఒకటుంది. ఆ భయం కూడా పోయాక ముసలివాళ్ళ గతేమిటి?"

అందులో నిజం ఉంది. సంజీవరావు గడ్డం గీరుకున్నాడు.

"భయం మంచిదేనండి" అన్నాడు. "కానీ ఆ భయం కొడుకులకి కాదు, తల్లులకి ఉంది. సబ్ రిజిస్ట్రారు చేసి దిగిపోయిన పెద్దాయన మనూళ్ళోనే ఉన్నారు. నెలనెలా బండి కట్టించుకుని ఒంగోలు పోయి పింఛను తెచ్చుకుంటారు. ఇద్దరు కొడుకులూ ప్లీడర్లే. 'మీ కొడుకులు అన్నం పెడుతున్నారా' అని ఆయన్నెవరన్నా ఇట్లా నలుగురిలో అడిగారా? ఆయన ఉద్యోగం చేశాడు కాబట్టి అది హక్కు. ఈమె పసితనం నుంచీ పత్తి తీసింది, కాయలేరింది. అది పని కాదు కాబట్టి, ఇప్పుడు దిక్కులేనిదాన్నని ఊరందరి ముందూ ఒప్పుకోవాలి. అప్పుడే పింఛను. అందరికీ ఇచ్చేస్తే ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవరూ తల వంచుకోనక్కర్లేదు."

"మాస్టారూ, రూలు నేను రాయలేదు" అన్నాడు ఇనస్పెక్టరు విసుగ్గా, మళ్ళీ తుమ్మి. "పోషించే కొడుకులుంటే అర్జీ కొట్టెయ్యాలి, లేకపోతే సిఫార్సు చెయ్యాలి. నాకు తెలిసింది ఆ రెండే. ఏమ్మా, నీకు కొడుకులు లేరని చెప్పావంట?"

మౌలాబీ చేతిలో ఉన్న కాయని తాలు పక్కకి వేసి, కొంగు సర్దుకుంది. మనిషి ఎండిపోయిందిగానీ గొంతు ఎండలేదు.

"నేనట్లా ఎప్పుడన్నాను? మీ తలారి వచ్చి 'కొడుకులున్నారా' అన్నాడు. 'ఉన్నారో లేరో వాళ్ళనే అడిగి రాసుకోండి నాయనా' అన్నాను. అంతే."

తలారి తల గోక్కున్నాడు. ఇనస్పెక్టరు కొడుకుల వైపు తిరిగాడు. "సరే. అడుగుతున్నాను. మీ అమ్మకి అన్నం పెడుతున్నారా?"

జాన్ బాషా గొంతు సవరించుకున్నాడు. పెడుతున్నానంటే తల్లి అర్జీ అక్కడికక్కడే పోతుంది. లేదంటే, వారం తిరక్కముందే, చప్పట్లు కొట్టిన ఊరి ముందు తన పరువు పోతుంది. ఈ రెంటిలో ఏది పోయినా ఫరవాలేదో ఎంచుకోవడానికి అతనికి క్షణమైనా పట్టలేదు. అది తర్వాత తల్చుకున్నప్పుడు అతన్ని అన్నిటికన్నా ఎక్కువగా కుదిపింది.

"పెడుతున్నామండి!" అన్నాడు గట్టిగా. "మా నాయన పోయినప్పుడే పేట పెద్దలు కూచోబెట్టి వంతులు పెట్టారు. ఒక నెల నా దగ్గర, ఒక నెల తమ్ముడి దగ్గర. ఏ రోజూ తప్పలేదు."

"ఇప్పుడు ఎవరి వంతు?"

"తమ్ముడిదండి. మా వంతు అయిపోయింది."

బుడాన్ ఉలిక్కిపడ్డాడు. "నాదా? ఏందన్నా అట్లా అంటావు? నా వంతు ఒకటో తారీఖు నుంచి గదా!"

"ఒకటో తారీఖేందిరా? నెలవంక కనపడ్డ మర్నాడే పంపించానుగా!"

"నెలవంకకి మా మిల్లులో జీతమిస్తారా? ఒకటో తారీఖు జీతమొస్తుంది, ఆ పూట గింజలు తెస్తాను, అమ్మనొచ్చేయమంటాను. మొదట్నుంచీ అంతేగా. ఒకటో తారీఖు ఇంకా రాలా. అమ్మ నీ దగ్గరే ఉందనుకుంటున్నాను!"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కమనిషి దాకా పోయి ఆగిపోయింది. కాయలేరే చేతులన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నాయన పోయిన రోజున పెద్దలు ఇద్దరి చేతులూ పట్టుకుని వంతులు ఒప్పించారు. ఎవరి మీదా ఎక్కువ భారం పడకుండా చూశారు, ఎవరూ నొచ్చుకోకుండా చూశారు. ఎక్కణ్ణుంచి లెక్క మొదలు పెట్టాలో మాత్రం ఎవరికీ తోచలేదు. పండగలూ ఉపవాసాలూ చంద్రుణ్ణి చూసి చేసుకునే పెద్దవాడు తల్లిని కూడా చంద్రుణ్ణి చూసే పంపేవాడు. మిల్లు సైరనుకి లేచి, మిల్లు జీతంతో బతికే చిన్నవాడు తారీఖు చూసి పిలిచేవాడు. ఒక్కోసారి రెండూ కలిసేవి. ఎక్కువసార్లు కలిసేవి కావు. ఆ మధ్య రోజుల్లో మౌలాబీ ఏ కొడుక్కీ తల్లి కాదు.

"మరి ఆ రోజుల్లో ఎక్కడుంటుంది?" అన్నాడు ఇనస్పెక్టరు. ఈసారి గొంతులో విసుగు లేదు.

సంజీవరావు నేల చూస్తూ చెప్పాడు. "మా బడి అరుగు మీదండి. మా ఇంటావిడ జయకుమారి ఇంత గంజి పోస్తుంది. అది కూడా బలవంతం చేస్తేనే. కిందటేడు వానల్లో కూడా అక్కడే పడుకుంది."

"ఊరందరికీ పరుపులు కుట్టే ఇంటి మనిషి!" అంది వరసలో ఒక ఆడమనిషి. ఎవరితోనూ కాదు, తన ఒళ్ళోని కాయలతో అన్నట్టు.

జాన్ బాషా చెవులు ఎర్రబడ్డాయి. కిందటేడు వానాకాలం ఒక సాయంత్రం, సైకిలు వెనక రెండు దిండ్లు కట్టుకుని, గోనెపట్టా కప్పుకుని అతను మిషను బడి ముందు నుంచి పోయాడు. అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్న మనిషి కనిపించింది. కింద పరిచిన చాప అంచు ఎర్రగుడ్డతో కుట్టి ఉంది. ఆ గుడ్డ తన అంగడిలోదే. 'మేష్టరమ్మతో ఏదో పనుండి వచ్చి ఉంటుంది. వాన తగ్గాక బుడాన్ ఇంటికి పోతుందిలే' అనుకున్నాడు. అడగకుండానే జవాబు చెప్పేసుకున్నాడు. దారిలో పిల్లాడో కుక్కో అడ్డమొచ్చినా బడి దాటేదాకా, ఆమె ఇటు తిరుగుతుందేమోనని, బెల్లు మాత్రం కొట్టలేదు.

ఆ బెల్లు కొట్టని సంగతి ఈ కల్లంలో ఎవరికీ తెలియదు. అయినా అందరికీ తెలిసిపోయినట్టే ఉంది అతనికి.

"ఏమ్మా, ఇన్నాళ్ళూ వీళ్ళతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఇనస్పెక్టరు.

"ఎవరితో చెప్పను బాబూ? పెద్దోడితో చెబితే 'నా వంతు నేను చూశాను' అని చిన్నోడి మీదకి పోతాడు. చిన్నోడితో చెబితే పెద్దోడి మీదకి పోతాడు. కొట్టుకోవడానికైతే ఇద్దరూ ఉన్నారు." పొడుం డబ్బీ తీసి, ఒక పట్టు పట్టి, ముక్కు తుడుచుకుంది. ఆ ఘాటుకి ఇనస్పెక్టరే మళ్ళీ తుమ్మాడు. "కోడళ్ళు చెడ్డవాళ్ళు కారు. అన్నం పెడతారు. కాకపోతే తింటున్నంతసేపూ నేను వాళ్ళ ముద్ద తింటున్నట్టే ఉంటుంది. చెంగున నాదంటూ ఇంత ఉంటే, ఏ ఇంటికి ఎప్పుడు పోయినా 'వచ్చావా అత్తా' అంటారు. 'అప్పుడే వచ్చావేంది' అనరు. అందుకని పెట్టాను అర్జీ. తప్పైతే కొట్టెయ్యండి."

బుడాన్ తల దించుకున్నాడు. అరచేతుల్లో ఇంకా అంటుకుని ఉన్న పత్తిని గిల్లుకుంటున్నాడు.

బాపయ్య పెద్దమనిషి. ఇలాంటి చోట నలుగురూ తలెత్తుకుని వెళ్ళే దారి ఒకటి వెతకడం ఆయనకు అలవాటు. "సరేనయ్యా. ఎవరూ కావాలని చేసింది కాదు. లెక్కలో తేడా వచ్చింది. ఇప్పుడు తెలిసిందిగా? ఏం మెంబరూ, నువ్వు పెద్దవాడివి. ఒక్క మాట చెప్పు, ఇక్కడితో తేలిపోతుంది."

ఆయన ఆ మాటంటూ మళ్ళీ భుజం మీద చెయ్యేశాడు. మొన్న తట్టిన చోటే.

జాన్ బాషా ఊపిరి పీల్చుకున్నాడు. తన ముందు దారి తెరుచుకున్నట్టయింది. నాలుగడుగులు వేసి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మూటని అందుకుని చంకలో పెట్టుకున్నాడు. ఎండుకాయలు మోకాళ్ళ కింద చిటపటలాడాయి.

"నా తప్పేనండి" అన్నాడు, అందరికీ వినపడేలా. "ఇంక వంతుల్లేవు. నెలవంక లేదు, తారీఖు లేదు. ఇవాళ్టి నుంచి మా అమ్మ బతికున్నంతకాలం నా ఇంట్లోనే ఉంటుంది. మా తల్లిని మేమే చూసుకుంటాం."

చెబుతూ చెబుతూనే, చివరి మాట సభలో అన్న మాటేనని అతనికి తెలిసింది. గొంతు కూడా ఆ రోజు గొంతే. కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అవి సిగ్గువో, ఘాటువో, నలుగురి కోసం తెచ్చుకున్నవో అతనికే అర్థం కాలేదు.

ఆడవాళ్ళలో ఒకరిద్దరు కళ్ళొత్తుకున్నారు. "అదీ మాట!" అన్నాడు బాపయ్య. సంజీవరావు మాత్రం ఉండీ ఉండీ ముసలామె వైపు చూస్తున్నాడు.

ఇనస్పెక్టరు కూడా తేలికపడ్డాడు. పెన్ను మూత తీశాడు. ఇంకాసేపట్లో ఈ ఘాటులోంచి బయటపడొచ్చు. అర్జీ మీద అడ్డంగా గీత గీయబోతూ, మర్యాద కోసం ఒకసారి తలెత్తాడు.

"విన్నావుగా అమ్మా? నీ కొడుకు ఇంతమందిలో మాటిచ్చాడు. ఇక నీకు పింఛనుతో పనిలేదు. కొట్టేస్తున్నాను. సంతోషమేగా?"

మౌలాబీ కొడుకు చంకలోని మూటని చూసింది. కొడుకు మొహం చూసింది. అతని చొక్కా భుజానికి అంటుకున్న దూదిని రెండు వేళ్ళతో తీసి, ఊదేసింది. చెయ్యి చాపి మూటని మళ్ళీ తన ఒళ్ళోకి లాక్కుంది.

"సంతోషమే బాబూ. కాకపోతే రేపట్నుంచి రెండు పూటలా మీరొచ్చి మావాడి గుమ్మంలో కుర్చీ వేసుకు కూచోవాలి. మీరుంటేనే వాడు నాకు కొడుకు."